వణకు నేలపై నిలుకడగల త్రాసు

విద్యార్థులారా! కోడిగ్రుడ్లను సంతకు గొనిపోవువారు గంపలో వరిగడ్డి పఱచుట మీరెఱిగినదే. సున్నితములైన యంత్రములను కదలికనుండి కాపాడు శాస్త్రమునకు మూలము ఇంచుమించుగ నిదియే. మన ప్రాంతమున కీ శాస్త్రము మిక్కిలి యవసరము. మణుగూరు, సత్తుపల్లి ఉపరితల గనులలో బొగ్గుకొఱకు ప్రేలుళ్లు జరుపుదురు. బరువు లారీలు బాటలను అదరజేయును. అదరు నేలపై త్రాసు ముల్లు నిలువదు. ముల్లు నిలువనిచో తూనిక తప్పును. తూనిక తప్పిన మందు రోగికి కీడు చేయవచ్చును.

మొదట నొక ప్రయోగము చేయుదము. సైకిలు ట్యూబు పట్టీకి రాయి కట్టి వ్రేలాడదీయుడు. చేతిని మెల్లగ పైకి క్రిందికి నాడించిన, రాయియు చేతితోడనే కదలును. వేగము కొంత హెచ్చింపగా, ఒకానొక వేగమున రాయి చేతికంటె మిక్కిలి యెగిరిపడును. ఇంకను వేగిరముగ నాడింపుడు: చేయి వణకుచుండగా రాయి దాదాపు నిశ్చలముగ నుండును. ఆ నడిమి వేగమునకు సహజ కంపనసంఖ్య యని పేరు. నేలకంపము దీనికి సుమారు 1.4 రెట్లు మించినగాని రక్షణము ప్రారంభము కాదు.

ఈ సంఖ్యను కనుగొనుట సులభము. బరువుచే స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు క్రుంగినదో కొలిచి, దాని వర్గమూలముచే 5ను భాగింపుడు. 1 సెంటీమీటరు క్రుంగిన, సెకండునకు 5 కంపనములు. 4 సెంటీమీటర్లు క్రుంగిన, రెండున్నర. 1 మిల్లీమీటరే క్రుంగిన, సుమారు 16. నేల సెకండునకు 15 మారులు కంపించుచున్న దనుకొందము. 1 సెంటీమీటరు క్రుంగిన స్ప్రింగులు ఆ వణకును ఎనిమిదవ వంతునకు తగ్గించును. 1 మిల్లీమీటరు క్రుంగినవి దానిని పెక్కు రెట్లు పెంచును. తగని స్ప్రింగుకంటె స్ప్రింగు లేకుండుటయే మేలు.

కావున త్రాసును బరువైన రాతిపలకపై నుంచి, పలక నాలుగు మూలలను స్ప్రింగులపై నిలుపవలెను. బరువు హెచ్చుకొలది స్ప్రింగులు క్రుంగి, సహజ కంపనము మందగించును. ప్రక్కన రబ్బరు ముక్కలు చేర్చిన ఊగులాట త్వరగ నణగును; అతిగ చేర్చిన సన్నని వణకు వానిద్వారా పైకి ప్రాకును.

1969 ఏప్రిలు 13వ తేదీన భద్రాచల ప్రాంతమున సుమారు 5.7 పరిమాణముగల భూకంపము కలిగెను. అట్టి కంపములను వ్రాయు యంత్రమును ఈ న్యాయముననే పనిచేయును: నేల కదలగా, వ్రేలాడు బరువు కదలక నిలుచును, ఆ భేదమే కొలత యగును.

బండపై ఇల్లు కట్టిన బుద్ధిమంతుని ఉపమానమును మీరు బైబిలు తరగతిలో వినియుందురు. వరదకు బండయే ఆధారము. కాని గట్టి బండ సన్నని వణకును దూరమునకు గొనిపోవును. కనుక పునాది గట్టిదిగను, దానిపై అమరిక మెత్తనిదిగను ఉండవలయును. సెలవులలో ఒక తీగ స్ప్రింగును 4 సెంటీమీటర్లు సాగునట్లు బరువు కట్టి యూపుడు. 10 సెకండులలో 25 ఊపులు వచ్చినచో, మేము చెప్పిన లెక్క మీ కన్నులయెదుటనే ఋజువగును.