మూతి వంకర పోతే: సూదుల వైద్యానికి ముందు, తర్వాత

పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్క నుంచి కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే మూతి పక్కకు లాగేసి ఉంటుంది, ఒక కన్ను మూతపడదు. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి వాచి, చెవి వెనక ఎముకలోని సన్నటి దారిలో నలిగినప్పుడు ఇలా అవుతుంది. డాక్టర్లు బెల్స్ పాల్సీ అంటారు. చైనాలో దీనికి ఆక్యుపంక్చర్ చేయించుకోవడం మామూలు విషయం. మీరూ చేయించుకోవచ్చు, కానీ వరస తప్పకూడదు.

ముందు నుదురు చూడండి. కనుబొమలు పైకెత్తమంటే రెండు వైపులా ముడతలు పడుతూ, మూతి మాత్రమే వంకరగా ఉంటే అది మెదడుకు వచ్చిన పక్షవాతం కావచ్చు. మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి. బెల్స్ పాల్సీలో నుదురు కూడా ఆ సగం నున్నగా ఉండిపోతుంది. అలా ఉన్నా సరే, తేల్చాల్సింది డాక్టరే. ఆ రోజే వెళ్లండి.

తర్వాత మందు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 72 గంటల్లోపు మొదలుపెడితే నాడి కోలుకునే అవకాశం పెరుగుతుంది. అది షుగర్‌ను పెంచుతుంది కాబట్టి మధుమేహం ఉంటే ముందే చెప్పాలి. చెవిలో పొక్కులు, నొప్పి ఉంటే వైరస్ మందు కూడా కావాలి. "ముందు సూదులు, తగ్గకపోతే మాత్రలు" అని ఎవరు చెప్పినా వినకండి. ఆ మూడు రోజులు మళ్లీ రావు.

కంటి సంగతి చాలామంది వదిలేస్తారు, నా బెంగంతా దాని మీదే. మూతపడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు తరచూ వేయాలి. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ రాసి, రెప్పను వేలితో మెల్లగా కిందికి దించి, పూర్తిగా మూతపడిందని చూసుకున్నాకే దాని మీద పేపర్ టేప్ అంటించాలి. రెప్ప తెరుచుకుని టేపో, దూదో గుడ్డుకు ఒరుసుకుంటే మరింత ముప్పు. ఎర్రబడినా, నొప్పి పుట్టినా కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఇవన్నీ జరుగుతుంటే సూదుల వైద్యం మొదలుపెట్టొచ్చు. శిక్షణ, అనుమతి ఉన్నవారినే ఎంచుకోండి. సూదుల ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి, వాడినవి పారేయాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా, గర్భిణి అయినా మొదటే చెప్పండి. ఈ జబ్బులో ఎక్కువగా వాడే హెగు బిందువును గర్భిణులకు సంప్రదాయంగా వాడరు. అది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఉంటుంది. ముఖం, నోరు అనగానే చైనా వైద్యుల చెయ్యి ముందు అక్కడికే పోతుంది.

వెల్లకిలా పడుకోబెట్టి, స్పిరిట్‌తో తుడిచి, వెంట్రుక కంటే లావైన సన్నటి సూదులు గుచ్చుతారు. కనుబొమ పైన యాంగ్‌బాయ్, చెవి తమ్మె వెనక గుంటలో యీఫెంగ్, నోటి మూల పక్కన దీత్సాంగ్ అనే బిందువుల్లో. ఈ చివరిచోట సూదిని నిలువుగా కాక చర్మం కిందుగా దవడ మూల వైపు ఏటవాలుగా పోనిస్తారు. గుచ్చినచోట బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తే దాన్ని దెచీ అంటారు. సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. మొదటి వారం ముఖం మీద తక్కువ సూదులతో, మెల్లగా చేయడమే చాలామంది వైద్యుల పద్ధతి. కరెంటు పెట్టి కండరాలు ఎగిరేలా చేస్తామంటే ఆ దశలో వద్దనండి.

ఎంత ఆశ పెట్టుకోవచ్చు? 2010లో వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష, అప్పటిదాకా జరిగిన పరీక్షల నాణ్యత చాలక ఏమీ తేల్చలేకపోయింది. 2013లో కెనడా మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన చైనా అధ్యయనంలో, దెచీ కలిగేలా సూదులు తిప్పినవారు ఊరికే గుచ్చి వదిలేసినవారికంటే బాగా కోలుకున్నారు. అయితే అందులో అందరికీ స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. ఏ వైద్యం లేకపోయినా పదిమందిలో దాదాపు ఏడుగురు పూర్తిగా కోలుకునే జబ్బు ఇది. అందుకే గ్యారంటీ ఇచ్చేవారిని నమ్మకండి.

చైనా మందుల్లో దీనికి పేరున్నది చియెన్‌జెంగ్ సాన్. అందులో ఒక విషపు దుంప, పట్టుపురుగు, తేలు ఉంటాయి. శుద్ధి సరిగా జరగకపోతే దుంప ప్రమాదం. ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండి.

వారానికోసారి నవ్వుతూ, కళ్లు మూస్తూ, నుదురు ముడిచి ఫోన్‌లో వీడియో తీసుకోండి. మూడు వారాలకు కదలిక మొదలవకపోయినా, మూడు నెలలకు ముఖం పూర్తిగా సరికాకపోయినా, నవ్వినప్పుడు కన్ను దానంతటదే మూసుకుంటున్నా ఆ వీడియోలతో న్యూరాలజిస్టును కలవండి.