వెబ్‌సైటు తెరచుకోనప్పుడు: ఇంటి కంప్యూటరులో బ్రౌజర్ చిక్కులు

ఆస్తిపన్ను గడువు దగ్గరపడిన రోజులలో మా కార్యాలయానికి తెలుగులో వచ్చే ఫోన్లలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "మీ వెబ్‌సైటు తెరచుకోవడం లేదండీ." కొన్నిసార్లు అది నిజమే. చివరి సాయంత్రం నగరమంతా ఒక్కసారిగా వచ్చి పడితే సర్వరు మొరాయించడం మేము ఎరిగినదే. కాని చాలాసార్లు లోపం ఇంటిలోనే, బ్రౌజర్‌కూ వీధి తీగకూ నడుమ ఎక్కడో ఉంటుంది. (బ్రౌజర్‌ను విహారిణి అని తెలుగు చేసినవారున్నారు, ఇక్కడ నలుగురి నోటా నలిగిన మాటనే వాడుతున్నాము.)

మొదట ఫోనులో వై-ఫై ఆపి, మొబైల్ డేటాతో అదే వెబ్‌సైటును తెరవండి. అక్కడ కూడ రాకపోతే లోపం చాలావరకు వెబ్‌సైటుదే. కొంతసేపు ఆగి ప్రయత్నించడం మేలు. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకపోతే వెతకవలసినది ఇంటిలో.

కంప్యూటరులో ఏ వెబ్‌సైటూ తెరచుకోకపోతే రూటర్ వైపు చూడండి. ఫైబర్ పెట్టెపై ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్రదీపం వెలుగుతుంటే బయటి తీగ నుండి సంకేతం అందడం లేదని అర్థం. అప్పుడు ఇంటర్నెట్ సంస్థకు ఫోను చేయవలసిందే. ఎర్రదీపం లేకపోతే రూటరును ఆపి, అర నిమిషం తరువాత మళ్లీ వేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి.

మీసేవ తెరచుకొని నగరపాలక సంస్థ వెబ్‌సైటు మాత్రం మొండికేస్తే తీగ బాగున్నట్టే. అప్పుడు తెరపై వచ్చిన సందేశాన్ని చదవాలి. మనలో చాలామంది చదవకుండానే మూసివేస్తాము. అందులో డీఎన్‌ఎస్ అన్న మాట ఉంటే, వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థ నుండి సరైన జవాబు రాలేదన్నమాట. టైపు చేసిన పేరులో అక్షరదోషం లేదని చూసుకొని, నెట్‌వర్క్ సెట్టింగులలో డీఎన్‌ఎస్ చిరునామాగా 8.8.8.8 గాని 1.1.1.1 గాని నింపి చూడండి. అటువంటి సందేశం లేకపోతే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరచి ప్రయత్నించండి. అందులో వస్తే, ఆ వెబ్‌సైటుకు సంబంధించి బ్రౌజర్ దాచుకొన్న పాత సమాచారాన్ని తుడిచివేస్తే సరిపోవచ్చు.

"మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అన్న హెచ్చరిక సంగతి వేరు. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక డిజిటల్ ధ్రువపత్రం ఉంటుంది. బస్సు పాసు వలె అది ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. బ్రౌజర్ ఆ తేదీలను మీ కంప్యూటరు గడియారంతో సరిచూస్తుంది. గడియారమే తప్పయితే చెల్లే పాసు కూడ చెల్లనిదిగా కనబడుతుంది. ఒక పెద్దాయన పది రోజులు ఈ హెచ్చరికతో కుస్తీ పట్టి, రాయితీ గడువు దాటిపోతుందన్న బెంగతో మా వద్దకు వచ్చారు. ఆరా తీస్తే ఆయన కంప్యూటరు తేదీ 2009 అని చూపుతున్నది! మదర్‌బోర్డుపై నాణెమంత సెల్ అయిపోయింది. సీఆర్2032 అన్న ఆ 3 వోల్టుల సెల్ మార్చి, తేదీ సరిచేయగానే చిక్కు విడిపోయింది.

తేదీ, సమయం సరిగా ఉండి కూడ ఆ హెచ్చరిక వస్తే, "అయినా ముందుకు వెళ్లు" అన్న మీట నొక్కరాదు. డబ్బు చెల్లించే చోట అసలే నొక్కరాదు. మీ పన్ను నోటీసుపై ముద్రించిన చిరునామాతో తెరపై చిరునామాను అక్షరమక్షరం పోల్చుకోండి. విండోస్ 7 కంప్యూటర్లకు క్రోమ్ నవీకరణలు 2023లోనే ఆగిపోయాయి. అటువంటి యంత్రంపై చెల్లింపులు చేయకపోవడమే క్షేమం. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి.

చెల్లిస్తుండగా మధ్యలో తెర తెల్లబోతే మళ్లీ చెల్లించవద్దు. ముందుగా బ్యాంకు సందేశం చూడండి. సొమ్ము తగ్గి రసీదు రాకపోతే, లావాదేవీ సంఖ్యను రాసుకొని, నోటీసుతో సహా వార్డు కార్యాలయానికి రండి.