ప్రధాన విద్యకు తోడు విద్య

పఠన భాగములు: అపొస్తలుల కార్యములు 18:1-4, లూకా 14:28-30



ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన దినములలో మన సంఘములలోని అనేక గృహములందు ఒకే మాట వినబడుచుండును: పిల్లను ఏ డిగ్రీలో చేర్పింతుము? కళాశాల పేరును గూర్చియు, బస్సును గూర్చియు, ఫీజును గూర్చియు చాలసేపు మాటలాడుకొందుము. ఏ యే విషయములు కలిపి చదువవలెనను సంగతిని మాత్రము దరఖాస్తు నింపెడి దుకాణమువానికి విడిచిపెట్టుదుము. మూడేండ్ల చదువును మరియొకరు పది నిమిషములలో నిర్ణయించుట తగునా? ఈ నెల పాఠములో ఆ సంగతిని ఆలోచింతము.

1. మైనరు అనగా నేమి?

మైనరు అనగానే మన గ్రామములలో పొలము పుట్ర గల సొగసుకాడు జ్ఞాపకమునకు వచ్చును. కళాశాలలో ఆ మాటకు అర్థము వేరు. విద్యార్థి ముఖ్యముగా చదువునది మేజరు, అనగా ప్రధాన విషయము. దానికి తోడుగా, కొంత తక్కువ పాళ్లలో, క్రమముగా చదువునది మైనరు. 2022 డిసెంబరులో యు.జి.సి. వెలువరించిన చట్రము ప్రకారము మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. వాటిలో ప్రధాన విషయమునకు కనీసము 60, తోడు విషయమునకు కనీసము 24. ఒక క్రెడిట్ అనగా ఒక సెమిస్టరులో 15 గంటల పాఠము. ఆ లెక్కను చూచినయెడల తోడు విషయము 360 గంటల పని. అది ఊరకే పోగొట్టుకొనదగిన కాలము కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరమున ఒక మేజరు, దానికొక మైనరు అను పద్ధతి ప్రవేశపెట్టిరి. మన తెలంగాణలో బి.ఏ., బి.ఎస్సీ. విద్యార్థులు చాలకాలముగా మూడు విషయములను కలిపి చదువుచు వచ్చిరి. 2016 నుండి ఈ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైన్ పద్ధతిని జరుగుచున్నవి. కళాశాలను, కోర్సును వరుస క్రమమున మనమే కోరుకొనవలెను. పేరు మైనరైనను, రెండవ లేక మూడవ ఐచ్ఛిక విషయమైనను, ఎన్నుకొనుటకు కావలసిన వివేకము ఒక్కటే.

2. అంచు ఒడలితో కలియవలెను

గద్వాల చీరను మనమందరము ఎరుగుదుము. ఒడలు నూలు, అంచును చెంగును పట్టు. రెండును ఒక జాతివి కావు. రంగులును తరచుగా వేరు. అయినను నేతగాడు మగ్గము మీదనే ఒడలి పోగును అంచు పోగును పెనవేసి ఒక్క చీరగా చేయును. ఆ కలయిక గట్టిగా లేనియెడల అంచులో ఎంత జరీయున్నను చీర నిలువదు.

తోడు విద్యయు అట్టిదే. అది ప్రధాన విషయము వంటిదే కానక్కరలేదు. కాని మనము చేయబోవు పనిలో రెండును ఒకదానినొకటి పట్టుకొనవలెను. పౌలు గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చినవాడు. డేరాలు కుట్టు పనియు ఎరిగినవాడు. కొరింథులో ఆ చేతిపని అతని బోధకు అడ్డము రాలేదు. ఎవరికిని భారము కాకుండ బోధించుటకు అది ఆధారమాయెను.

3. మన ప్రాంతమునుండి కొన్ని మాదిరులు

వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పల్లికాయ విస్తారముగా పండును. పంట మార్కెట్టునకు వచ్చినప్పుడు తూకము, ధర, కమీషను, చెల్లింపు అన్నియు లెక్కలే. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. వచ్చినందున చిన్న వర్తకునికి సహితము కంప్యూటరు మీద లెక్క వ్రాయువాడు కావలసివచ్చెను. గనుక వాణిజ్యశాస్త్రము చదువు పిల్లకు కంప్యూటర్ అప్లికేషన్లు మంచి తోడు.

గద్వాల చుట్టుపట్ల పత్తి విత్తనపు చేలలో మనవారనేకులు క్రాసింగు పనికి పోవుదురు. సాయంకాలము మొగ్గలోని కేసరములను తీసివేసి, మరునాటి ఉదయమున వేరొక రకపు పువ్వు పుప్పొడిని పూయుదురు. ఇది వృక్షశాస్త్రమును జన్యుశాస్త్రమును కలిసిన పని. ఆ చేలలో కూలి చేసిన తల్లి బిడ్డ ఈ రెండింటిని కలిపి చదివినయెడల, విత్తన పరీక్షాలయములోను విత్తనోత్పత్తిలోను పనికి సిద్ధపడవచ్చును. తల్లి చేతికి తెలిసిన దానికి బిడ్డ కారణము చెప్పగలదు.

4. మూయబడు తలుపులు

తోడు విషయము తలుపు తెరచునట్లే, దాని లోపము తలుపు మూయును. స్కూల్ అసిస్టెంటు ఉద్యోగములకు బి.ఇడి. చాలదు, బోధింపబోవు విషయమును డిగ్రీలో చదివియుండవలెనను నియమము సాధారణముగా నుండును. భౌతికశాస్త్రము చెప్పగోరువారు భౌతిక రసాయన శాస్త్రములను, సాంఘికశాస్త్రము చెప్పగోరువారు చరిత్ర, భూగోళము, అర్థశాస్త్రము, రాజనీతి మొదలగువాటిలో రెండింటినైనను చదివియుండుట మేలు. ఎమ్మెస్సీలో అనేక శాఖలకును ఆ విషయము డిగ్రీలో ఉండవలెను. మూడేండ్లు గడచిన తరువాత ఈ నియమము తెలిసినచో కన్నీరు తప్ప మిగులునది లేదు.

గ్రూప్-2 వంటి పరీక్షలకైతే ఏ డిగ్రీయైనను అర్హతయే. అయినను అందులో చరిత్ర, రాజ్యాంగము, ఆర్థిక వ్యవస్థ ముఖ్య పాఠములు గనుక వాటిని డిగ్రీలో చదివినవారికి భారము తగ్గును.

5. ఎన్నుకొను విధము

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచునట్లు, దోస్త్ దరఖాస్తుకు ముందుగానే ఇంటిలో కూర్చుండి ఈ క్రింది వాటిని చూడవలెను.

మొదట, చేయగోరు పని పేరు కాగితము మీద వ్రాయుడి. ఇంకను నిశ్చయము కానియెడల రెండు పనుల పేర్లు వ్రాసి, రెండింటికిని పనికివచ్చు విషయమును వెదకుడి.

రెండవది, ఆ పనికి లోగడ వెలువడిన రెండు మూడు ప్రకటనలను సంపాదించి, అర్హతల భాగమును మెల్లగా చదువుడి.

మూడవది, మన మూడు జిల్లాల డిగ్రీ కళాశాలలు 2008లో స్థాపింపబడిన పాలమూరు విశ్వవిద్యాలయము క్రిందివి. పాఠ్యప్రణాళికను అచ్చట విచారింపుడి. విషయము కాగితము మీద నుండుట చాలదు. దానికి అధ్యాపకుడు కలడా, ప్రయోగశాల నడచుచున్నదా అని పై తరగతి పిల్లలనడుగుడి.

నాలుగవది, బిడ్డ బలమును తూచుడి. తోడు విషయము బరువై ప్రధాన విషయములో మార్కులు పడిపోవునట్లయితే అది తోడు కాదు. తేలికయనియు, స్నేహితులు తీసికొనిరనియు, పేరు గొప్పగానున్నదనియు ఎన్నుకొనుట వివేకము కాదు.

తల్లిదండ్రులారా, కుమార్తె విషయములో ఏదో ఒక డిగ్రీ చాలునని తలంపవద్దు. కుమారునికి వేసిన లెక్కనే ఆమెకును వేయుడి. మీరు చదువుకొనలేదని వెనుకాడవలదు. ఈ చదువు ఏ పనికి పోవునని అడుగుటకు అక్షరములు అక్కరలేదు. సంఘములో ఉపాధ్యాయులైనవారు సెలవులలో ఒక ఆదివారము ఆరాధన తరువాత కూర్చుండి ఈ బిడ్డలకు దారి చెప్పినయెడల అది గొప్ప పరిచర్య.

ఇంటిలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన బిడ్డ ప్రధాన విషయమేది? దానితో ఏ పని చేయగోరుచున్నది?
2. తోడు విషయము ఆ పనిలో ఎచ్చట కలియును? ఒక మాటలో చెప్పగలమా?
3. ఆ పనికి కావలసిన అర్హతను మనలో ఎవరైన కన్నులార చదివిరా?

ఈ మూడింటికిని జవాబు దొరికిన తరువాతనే దరఖాస్తు నింపుడి. ప్రభువు మన బిడ్డలకును మనకును వివేకమును దయచేయును గాక.