కొండల్లేని ఊరి బొమ్మ

పిల్లవాడి చేతికి తెల్లకాగితమిచ్చి ప్రకృతి దృశ్యం వెయ్యమంటే చాలు, రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి జారే ఏరు వేసేస్తాడు. మా గణపవరం పిల్లలూ అంతే. ఇక్కణ్ణుంచి కొల్లేరు దాకా కంటికి ఒక్క కొండ ఆనదు. వాళ్లు రోజూ చూసే కాలువగట్టు, తాడిచెట్లు, చేపల చెరువులు మాత్రం కాగితం మీదికి రావు. తప్పు వాళ్లది కాదు. బొమ్మంటే అలా ఉండాలని నేర్పింది మనమే.

రోజూ చూసేదాన్నే బొమ్మగా వేసిన చిత్రకారుడొకడున్నాడు, ఇంగ్లండులో నారిచ్ ఊరివాడు జాన్ క్రోమ్ (1768–1821). పెద్ద కొండల్లేని ప్రాంతం అది. డ్రాయింగ్ మాస్టారుగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, తమ ఊళ్లోని వెన్సమ్ నదిని రంగుల్లో వేశాడు. చుట్టుపక్కల చెట్లనూ బాటలనూ ఎచింగ్‌లుగా గీశాడు. అవి సంపుటిగా వెలువడింది ఆయన పోయాక, 1834లో.

ఎచింగ్‌లో రాగిరేకుకు మైనం పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. రేకును ఆమ్లంలో ఉంచితే గీసినచోటే రాగి కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచిన గీత నల్లగా, తక్కువసేపు ఉంచింది లేతగా అచ్చుపడుతుంది. ఇలాంటి బొమ్మల్లో దగ్గరి చెట్టు చిక్కగా, దూరపు ఒడ్డు పలచగా కనిపించేది అందుకే. ఏటి నీళ్లు చాలాచోట్ల గీత పడని కాగితమే.

పిల్లలకు ఆమ్లం వద్దు, పెన్సిల్ చాలు. ఆదివారం సాయంత్రం కాలువ దగ్గరికి తీసుకెళ్లండి. అంచుకు దూరంగా, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. ఒకే చెట్టును కాసేపు ఊరికే చూడనివ్వండి. "ఈ కొమ్మ ఎటు వంగిందిరా?" అని అడగండి. దగ్గరున్నది నొక్కి, దూరంగా ఉన్నది తేలిగ్గా గియ్యమనండి. నీళ్లను ఖాళీగా వదిలేస్తే "రంగెయ్యవేం?" అని తొందరపెట్టకండి. పక్కింటి పిల్ల బొమ్మతో పోల్చకండి. రబ్బరు ఇంట్లోనే ఉండనివ్వండి.

రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాల చూపించండి. ముప్ఫై నిండకుండానే పోయిన ఆ చిత్రకారుడు తన గోదావరిని ఎలా చూశాడో పిల్లలు స్వయంగా చూస్తారు.

ఇంకో మాట. గట్టు మీద కూర్చున్నప్పుడు మీరూ ఒక కాగితం తీసుకోండి. మీ తాడిచెట్టు వంకరగా వస్తే రానివ్వండి. అమ్మానాన్నలకూ సరిగా రాదని తెలిసిన పిల్లలకు తప్పు గీత గీయడమంటే భయం ఉండదు.