పునీత బొనవెంతూరవారి ఊరు – చివిత



ఏటా జూలై 15వ తేదీన శ్రీసభ పునీత బొనవెంతూరవారిని స్మరిస్తుంది. గురువుగారు పూజలో ఆ పేరు చెబుతారు, మనం వింటాం, ఇంటికి వచ్చేస్తాం. ఆయన శ్రీసభ పండితుడనీ, ఫ్రాన్సిస్కన్ సభకు పెద్దగా ఉన్నారనీ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయన పుట్టిన ఇల్లు ఎక్కడ ఉంది అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే జవాబు వినడానికి వింతగా ఉంటుంది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దాని కింద ఉన్న నేలతో సహా లోయలోకి జారిపోయింది.

ఆ ఊరి పేరు చివిత. ఇటలీ దేశంలో రోము నగరానికి ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. పిల్లలు పటంలో వెదకాలనుకుంటే ముందుగా బొల్సేన సరస్సును పట్టుకోవాలి. 1263లో దివ్యసత్ప్రసాద అద్భుతం జరిగిందని మన పెద్దలు చెప్పే బొల్సేన అదే. ఆ సరస్సుకు తూర్పున బన్యోరేజో అనే చిన్న పట్టణం, దాని ఎదుట లోయ మధ్యలో ఒంటరిగా నిలబడ్డ గుట్ట, ఆ గుట్ట నెత్తిన ఇళ్ళు, వాటి నడుమ ఒక గంట గోపురం కనిపిస్తాయి. అదే చివిత.

ఊరు ఎందుకు జారిపోతోందో తెలియాలంటే గుట్ట లోపల ఏముందో చూడాలి. అడుగున బంకమన్ను. ఒకప్పుడు సముద్రగర్భంలో పేరుకున్న మన్ను అది. దాని మీద అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి రాయిగా మారింది. దాన్ని టఫ్ అంటారు. ఇళ్ళన్నీ ఆ రాతి మీదే కట్టారు. అటొక వాగు, ఇటొక వాగు గుట్ట పాదాన్ని కోస్తుంటాయి. వానకు బంకమన్ను కరిగిపోతుంది, పైన రాయికి ఆధారం ఉండదు, పగులు పడి ఒక పెళ్ళ ఊడిపడుతుంది. ఏటిగట్టున చేను ఉన్న రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. వరద గట్టు అడుగును తినేశాక పైన ఎంత గట్టినేల ఉన్నా ఏం లాభం?

సుమారు 2,500 ఏళ్ళ క్రితం ఎత్రుస్కులు అనే ప్రాచీన జాతివారు ఇక్కడ ఊరు కట్టారు. శత్రువులు ఎక్కి రాలేని చోటని ఎంచుకుని ఉంటారు. తరువాత రోమీయులు వచ్చారు, ఆ తరువాత క్రీస్తు విశ్వాసం వచ్చింది. మహా గ్రెగోరి పాపుగారి లేఖల్లోనే ఈ ఊరి ప్రస్తావన ఉంది. అంటే 1,400 ఏళ్ళకు పూర్వమే ఇక్కడ విశ్వాసుల సంఘం ఉన్నదన్నమాట. ఇంత చిన్న గుట్ట ఒక మేత్రాసనానికి కేంద్రం! ఊరి నడిబొడ్డున ఉన్న పునీత దొనాతువారి గుడి ఆ రోజుల్లో కథెడ్రల్.

13వ శతాబ్దం తొలినాళ్ళలో జొవాన్ని అనే బాలుడు ఇక్కడ పుట్టాడు. తండ్రి వైద్యుడంటారు. పిల్లవాడికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు తల్లి పునీత ఫ్రాన్సిస్‌వారికి మ్రొక్కుకుంది, బిడ్డ బతికాడు. ఇది ఎవరో అల్లిన కథ కాదు. పెద్దయ్యాక ఫ్రాన్సిస్‌వారి చరిత్ర రాస్తూ బొనవెంతూరవారే ఈ సంగతి చెప్పుకున్నారు. బిడ్డను చూసి ఫ్రాన్సిస్‌వారు "మంచి భాగ్యం" అన్నారనీ, ఆ మాటే ఇటలీ భాషలో ఆయన పేరైందనీ చెప్పేది మాత్రం తరువాతి కాలపు ముచ్చట. నమ్మినా నమ్మకపోయినా వినడానికి బాగుంటుంది.

ఆ బాలుడు పారిసులో చదివి, 1257లో ఫ్రాన్సిస్కన్ సభకు పెద్ద అయ్యారు, 1273లో కార్డినల్ అయ్యారు. మరుసటి ఏడు లియోన్ మహాసభ జరుగుతుండగానే జూలై 15న మరణించారు.

1695 జూన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఇళ్ళు కూలాయి, ఊరికి దారి దెబ్బతింది. అధికారులూ పీఠాధిపతులూ ఎదుటి గట్టుకు తరలిపోయారు. 1699లో కథెడ్రల్ హోదా కూడా అక్కడి పునీత నికోలాసువారి దేవాలయానికి మారింది. దానికి మనం పీఠాధిపతులను తప్పు పట్టలేం. నేల కదులుతుంటే మందను అక్కడే ఉండమనడం కాపరి పని కాదు గదా! అయినా వెళ్ళలేనివారు, వెళ్ళనివారు కొందరు మిగిలారు. 1986లో ఆ మేత్రాసనం విటెర్బో మేత్రాసనంలో కలిసిపోయింది.

బొనవెంతూరవారి అవశేషాల సంగతి కూడా ఊరి సంగతి లాంటిదే. 1562లో మతకలహాల్లో లియోన్ నగరంలోని ఆయన దేహాన్ని కాల్చివేశారు. అంతకు ముందే స్వస్థలానికి చేరిన ఒక బాహువు మాత్రం దక్కింది. అది నేటికీ బన్యోరేజో కథెడ్రల్‌లో వెండి పేటికలో ఉంది. యువకుడిగా బొనవెంతూరవారి మీదే పరిశోధన చేసిన పదహారవ బెనెడిక్ట్ పాపుగారు 2009 సెప్టెంబరు 6న వెళ్ళి దాని ముందు ప్రార్థించారు.

ఇప్పుడు చివితకు వెళ్ళాలంటే పొడవాటి వంతెన మీద నడిచి ఎక్కాలి. పాత వంతెన రెండవ ప్రపంచయుద్ధంలో పోగా 1965లో దీన్ని కట్టారు. కార్లకు దారి లేదు. ఊళ్ళో స్థిరంగా ఉండేవారు పది పన్నెండు మందే. బన్యోరేజోలో పుట్టిన రచయిత బొనవెంతూర తెక్కి దీన్ని "చనిపోతున్న ఊరు" అన్నాడు. ఆ మాటే ఊరికి పేరు తెచ్చింది, లోకమంతా చూడడానికి వస్తోంది. 2013 నుండి లోపలికి టికెట్టు పెట్టారు. ఊరు చూడడానికి టికెట్టా అని మొదట నాకూ రుచించలేదు. కాని ఇంజనీర్లు రాతిలో ఇనుప కడ్డీలు దించి కట్టుదిట్టం చేస్తున్నారు, వాగులకు అడ్డుకట్టలు వేస్తున్నారు. ఆ ఖర్చు ఆ పది ఇళ్ళవాళ్ళు ఎక్కడి నుండి తెస్తారు?

ఎత్రుస్కులు బండను తొలిచిన ద్వారం గుండా లోపలికి వెళితే మట్టినేల ఉన్న చిన్న మైదానం, దాని అంచున దొనాతువారి గుడి ఉంటాయి. గుడిలో 15వ శతాబ్దపు చెక్క స్లీవ, దాని మీద ప్రభువు స్వరూపం. దొనాతెల్లో అనే మహాశిల్పి శిష్యుల పని అంటారు. ఒకసారి ప్లేగు వ్యాధి వచ్చినప్పుడు రోజూ ఈ స్లీవ ముందు మోకరిల్లిన ఒక భక్తురాలికి, తెగులు త్వరలో ఆగుతుందని ఓదార్పు మాట వినిపించిందని అక్కడివారు చెప్పుకుంటారు.

ప్రతి పవిత్ర శుక్రవారం ఈ స్వరూపాన్ని కిందికి దించి, పాడె మీద పరుండబెట్టి, వంతెన దాటించి బన్యోరేజో వీధుల్లో ఊరేగిస్తారు. పూర్వం ఈ గట్టు వదిలి ఆ గట్టుకు వెళ్ళినవారి వంశీకులు ఆ ఊరేగింపులో నడుస్తారు. దీనికి ఒక షరతు ఉంది. అర్ధరాత్రి లోపు స్వరూపం చివితకు తిరిగి రాకపోతే ఇక ఎప్పటికీ బన్యోరేజోదే అవుతుందట. అందుకే ఊరేగింపు ముగియగానే మోసేవారు ఆలస్యం చేయరు. చీకట్లో మళ్ళీ వంతెన ఎక్కి, రాతి ద్వారం దాటి, పన్నెండు కొట్టక ముందే ప్రభువును దొనాతువారి గుడికి చేరుస్తారు.