కూలి ఇంటికి చేరే దారి

ఆత్మకూరు

అమ్మణ్ణీ,

ఉదయగిరి నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. పారిశ్రామిక విప్లవం పాఠం ఎంత చదివినా మనసుకెక్కడం లేదన్నావు. లాంకషైర్ మిల్లులు, ఫ్యాక్టరీ చట్టాలు, చార్టిస్టులు... వీటికీ మన మెట్ట ఊళ్లకీ ఏం సంబంధం పెదనాన్నా, మనకు ఫ్యాక్టరీలే లేవు గదా అని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు పాపా. పొగగొట్టాలు లేచిన చోటే పారిశ్రామిక యుగం ఉందన్నట్టు పాఠాలు రాస్తారు కాబట్టి, దుర్గం కొండ కింద కూర్చుని చదివే పిల్లకు అది పరాయి కథలాగే అనిపిస్తుంది.

ఆ పాఠాన్ని ఒక్క ప్రశ్న పట్టుకుని మళ్లీ చదువు. పనిచేసిన మనిషికి ముట్టిన కూలిలో ఇంటికి చేరింది ఎంత? పని గంటలు, పిల్లల వయసు, యంత్రాల దగ్గర ప్రమాదాలు, వీటి గురించి పుస్తకంలో వివరంగా ఉంటుంది, ఉండాల్సిందే. పని చోటికీ ఇంట్లో పొయ్యికీ మధ్య ఉన్న ఆ కాస్త దారిలో కూలి డబ్బు ఏమవుతుందో మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతారు. కార్మికుల బతుకు బాగుచేయడానికి జరిగిన పోరాటాల్లో సగం ఆ దారి మీదే జరిగాయని నా నమ్మకం. మన కలిగిరి మండలం దూబగుంటలో జరిగిందీ అదే.

ముందు లండన్ సంగతి చెబుతాను. థేమ్స్ నది రేవుల్లో ఓడల నుంచి బొగ్గు దింపే కూలీలుండేవారు. వాళ్లకు పని పంచే అధికారం రేవు పక్కన తాగుడు కొట్టు నడిపేవాళ్ల చేతుల్లో ఉండేది. కొట్లో బాగా తాగినవాడికి ముందు పని దొరికేది. తాగనివాడు ఎంత కండబలం ఉన్నవాడైనా గట్టు మీద కూర్చోవాల్సిందే. కూలి చెల్లించేదీ ఆ కొట్లోనే, తాగిన బాకీ తీసేసుకుని. 1843లో పార్లమెంటు వీళ్ల కోసమే ఒక చట్టం చేసి, పని పంచడానికి వేరే ఆఫీసు పెట్టించింది. దానికి ఏడాది ముందు వచ్చిన 1842 గనుల చట్టం నీ పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆడవాళ్లనూ పదేళ్లలోపు మగపిల్లలనూ గనుల్లోకి దింపకూడదన్న చట్టం అది. గని కూలీలకు తాగుడు కొట్లో కూలి చెల్లించకూడదన్న మాట కూడా అందులోనే ఉంది. దాన్ని పాఠాల్లో వదిలేస్తారు. అంతకు ముందే 1831లో, కూలికి బదులు సరుకులు అంటగట్టకుండా డబ్బే ఇవ్వాలని ట్రక్ చట్టం చేశారు. 1883లో మరో చట్టం తెచ్చి, మిగతా చాలా పనుల వాళ్లకు కూడా తాగుడు కొట్లలో కూలి ఇవ్వడాన్ని నిషేధించారు.

ఈ సంవత్సరాలు వరసగా రాసుకుని చూడు. యాభై ఏళ్లకు పైగా ఒకే సంగతి మీద మళ్లీ మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. అడిగేవాళ్లున్న చోట చట్టం నడిచింది, లేనిచోట కాగితం మీద ఉండిపోయింది. అడిగేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? ప్రెస్టన్ అనే మిల్లుల ఊళ్లో 1832లో మద్యం పూర్తిగా మానేస్తామని ప్రతిజ్ఞ రాసి సంతకాలు పెట్టిన కొద్దిమందిలో జోసెఫ్ లివ్‌సే ఒకడు. చిన్నప్పుడు నేలమాళిగలో మగ్గం నేస్తూ, మగ్గం దగ్గరే చదువు నేర్చుకున్నవాడు. పెద్దయ్యాక పనివాళ్లకు చదువు చెప్పే బడి కూడా నడిపాడు. చదువు, తాగుడు, కూలి ఈ మూడూ అక్కడ ఒకే మనిషి బతుకులో ఎలా కలిశాయో గుర్తుపెట్టుకో. మన దగ్గరా అలాగే కలిశాయి.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. సారా కూడా ఒక పరిశ్రమే. మద్రాసు రాజధానిలో 1886 ఆబ్కారీ చట్టంతో సారా కాచడం, అమ్మడం సర్కారు అజమాయిషీలోకి వెళ్లాయి. కాచేది పెద్ద బట్టీల్లో, అమ్మేది వేలంలో పాట పాడుకున్న కంట్రాక్టరు. 1980ల్లో రాష్ట్ర ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి ఊరూరికీ పంపింది. ఈ ప్యాకెట్ విషయం తేలిగ్గా తీసుకోకు. కొట్టుకు పోవాలంటే మనిషి ఊరి మధ్య నలుగురి కళ్లముందు నడవాలి. ప్యాకెట్టయితే సైకిల్ మీద పొలం గట్టు దాకా వస్తుంది, అరువుకూ వస్తుంది. పాటకు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి కంట్రాక్టరు మనుషులు ప్రతి ఇంటి గుమ్మం దాకా వచ్చేవాళ్లు. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజ్ రాబడి 40 కోట్ల లోపు ఉంటే 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ కోట్లలో ఎక్కువ భాగం సారాదే, అంటే కూలి చేసుకునేవాళ్ల జేబుల్లోంచి వచ్చిందే.

మన మెట్టలో కూలి ఎంత కష్టం మీద వస్తుందో నువ్వు దగ్గరగా చూడలేదు, అందుకని చెబుతున్నా. కలిగిరి, కొండాపురం వైపు పొగాకు బ్యారన్ల దగ్గర, పొద్దున్నే కొట్టుకొచ్చిన పచ్చాకు పందిరి కింద గుట్టగా పోస్తారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఆకును జతలు జతలుగా పట్టి కర్రకు అల్లుతారు. జిగురు వేళ్లకు నల్లగా పట్టుకుంటుంది. అన్నం తినేముందు చింతపండుతో రుద్దినా పూర్తిగా వదలదు. మగవాళ్లు ఆ కర్రలను బ్యారన్ లోపల అటకల మీద వరసలుగా పేర్చి, రాత్రంతా పొయ్యి కాస్తారు. ఆకు పండాక దించి, రంగును బట్టి ఏరి కట్టలు కట్టడం మళ్లీ ఆడవాళ్ల పని. ఇంతా చేస్తే ఆడకూలి మగకూలి కంటే తక్కువ. వారం చివర మగవాడి కూలి దారిలోనే ఆగిపోతే ఆ ఇల్లు నడిచేది తక్కువిచ్చే ఆ ఆడకూలితోనే.

1991లో మన నెల్లూరు జిల్లా అంతటా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. నేను అప్పుడు రాత్రిబడికి పలకలు, లాంతర్లు మోసిన వాలంటీర్లలో ఒకణ్ణి. పగలంతా కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు ఎనిమిదయ్యాక బడికి వచ్చేవాళ్లు. అంకెలు నేర్పుతున్న ఒక రాత్రి, మీ ఇంటికి వారంలో వచ్చిన కూలి రాయండి అన్నాను. ఒకామె పలక మీద మొగుడి పనిరోజులకు ఒక్కో గీత గీసింది. తర్వాత ఆలోచించుకుంటూ కొట్టుకు పోయిన రోజుల గీతలను ఒక్కొక్కటిగా వేలితో తుడిచింది. మిగిలిన గీతలు చూసి పక్కనామెకు పలక చూపించింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఆ పక్కనామె కూడా గీతలు గీయడం మొదలుపెట్టింది. నేను నేర్పాల్సిన లెక్క ఆ రోజుకు అక్కడితో అయిపోయింది.

ఆ చదువు పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడుతో నలిగిన ఊళ్లో సీతమ్మ అనే ఆమె ఆడవాళ్లందర్నీ కూడగట్టి సారా కొట్టు మూయిస్తుంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, కథలో అయింది మన ఊళ్లో ఎందుకు కాదనుకుని, కొట్టు మీదికి కదిలారు. మూయించారు. వాళ్లలో ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ తర్వాత దూబగుంట రోశమ్మగానే లోకానికి తెలిసింది. నిరుపేద ఇంటి మనిషి, ఏ పార్టీ పదవీ లేదు. 2016లో చనిపోయింది. దూబగుంట విజయం మళ్లీ చదువు పుస్తకాల్లోకి పాఠంగా ఎక్కింది. ఆ పాఠం చదివిన ఊళ్లు తమ ఊరి కొట్ల మీదికి వెళ్లాయి. పాఠం చదివి ఊరు కదలడం, ఆ ఊరు మరో ఊరికి పాఠం కావడం, ఇంతటి చదువు నేను ఇంకెక్కడా చూడలేదు.

1992లో ఈ సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా దాటింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు సారా జీపులకు అడ్డం పడ్డారు, ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టారు. నెల్లూరులో సారా పాట జరగనివ్వలేదు. అధికారులు పదేపదే వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. పాట ఆపడం ఎంత తెలివైన పనో ఆలోచించు. కొట్టు మూయిస్తే ఒక ఊరికి మేలు. పాట ఆగితే కంట్రాక్టరుకూ ఖజానాకూ మధ్య ఉన్న తాడే తెగుతుంది. అంత సూక్ష్మం పట్టుకున్నది అప్పుడప్పుడే సంతకం నేర్చిన ఆడవాళ్లు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో సడలించేశారు.

సడలించేశారు కాబట్టి ఉద్యమం ఓడిపోయిందని పరీక్షలో రాయకు. అప్పటికి ఆడవాళ్లు ఇంకో పని మొదలుపెట్టి ఉన్నారు. సారా మానిపించిన ఇళ్లలో రోజుకో రూపాయి దాచడం నెల్లూరు జిల్లాలోనే పొదుపు లక్ష్మిగా రూపం కట్టింది. తర్వాత రాష్ట్రమంతా పాకిన పొదుపు సంఘాలకు దారి వేసినవాటిలో అదొకటి. కూలి ఇంటికి చేరాక ఇంట్లో ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నకు వాళ్లు చెప్పుకున్న జవాబు అది.

అయితే ఒక మాట నువ్వు జాగ్రత్తగా వినాలి. సంస్కరణ పేరుతో ఇంకో పనివాడి కంచం లాగేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మద్రాసు రాజధానిలో 1948 నాటికి మద్య నిషేధం అన్ని జిల్లాలకూ వచ్చింది. తాటిచెట్లెక్కి కల్లు గీసే వేలాది కుటుంబాలకు ఒక్కసారిగా పని పోయింది. గౌతు లచ్చన్న వాళ్ల తరఫున పోరాడారు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డాక, నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఆంధ్ర శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ఆ ప్రభుత్వం పడిపోయింది. పంతులుగారి చిత్తశుద్ధిని నేను శంకించను. చెట్టు దిగిన మనిషికి ఏ పని చూపిస్తావన్నదానికి జవాబు సిద్ధం చేసుకోకుండా నిషేధం పెట్టడం మాత్రం సరికాదంటాను. దూబగుంట ఆడవాళ్లు గురిపెట్టింది చెట్టెక్కేవాడి మీద కాదు, పాట పాడుకున్న కంట్రాక్టరు మీద, ఆ పాట నడిపించే సర్కారు మీద. ఈ తేడా గట్టిగా పట్టుకో.

ఇంకొకటి మిగిలిపోయింది, దాని గురించి నాకు ఇప్పటికీ బాధే. తాగుడు మీద అంత గెలిచిన ఉద్యమం ఆడకూలి, మగకూలి తేడా జోలికి పోలేదు. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. మన జిల్లా తూర్పున అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య 1930ల్లోనే తన సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను సంఘం కట్టించి కూలి పెంచమని అడిగించారు. ఆ సంఘం అనుభవం, ఈ ఆడవాళ్ల తెగువ ఒకచోట చేరి ఉంటే పొగాకు పందిరి కింద కూలి లెక్క మారేదని నా ఆశ. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటన్నది మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లు మొదటిసారి చూశారు. దాని ప్రభావం బయటి కూలి మీద ఎంత పడిందో మీలాంటి చదువుకునే పిల్లలు ఊరూరా తిరిగి కనుక్కోవాల్సిన పని.

అందుకే నీకో పని అప్పజెబుతున్నాను. ఉదయగిరిలో నర్ది, బిక్కి కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్లున్నాయి గదా, ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఆ చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి ఫ్యాక్టరీ చట్టాల్లో పని గంటల లెక్క వాళ్లకు వర్తించదు. రెండు మూడు ఆదివారాలు వాళ్ల దగ్గర కూర్చో. పని ఆపించి అడగొద్దు, నువ్వూ ఉప్పుకాగితం పట్టుకుని నునుపు చేస్తూ అడుగు. కర్ర ఎవరు తెస్తారు, డజనుకు ఎంతిస్తారు, విరిగిన చెంచా నష్టం ఎవరిది, డబ్బు అదే రోజు ఇస్తారా, అడ్వాన్సు తీసుకుంటే ఎంత పట్టుకుంటారు, చేతికొచ్చిన డబ్బు ఇంట్లో ఎవరు ఖర్చు పెడతారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయి, నీ మాటల్లోకి దిద్దకు. పేర్లు రాయొద్దు, వాళ్లకు ఇబ్బంది కావొచ్చు. రాసింది వాళ్లకే చదివి వినిపించి, తప్పులుంటే దిద్దించుకుని, ఆ తర్వాత నాకు పంపు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు కలిగిరి మీదుగా దూబగుంట పోదాం. ఆ రోజుల్లో కొట్టు మీదికి నడిచినవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లను ఏమేం అడగాలో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకో. నీ చరిత్ర పుస్తకం కూడా వెంట తెచ్చుకో, 1842 చట్టం పేజీ వాళ్లకు చదివి వినిపిద్దువుగాని.

ఇట్లు
నీ పెదనాన్న