కల్లు లొట్టి నీరాకు పనికిరాదు

సంక్రాంతి దగ్గర పడుతోంది. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు చేలల్లో మిరప ఎర్రబడే వేళకే గట్ల మీది తాడిచెట్లు కూడా గీతకు వస్తాయి. ముందు పోతు తాళ్లు, ఎండలు ముదిరేకొద్దీ పండు తాళ్లు. ఈ చెట్లకు ఎవరూ నీళ్లు పెట్టరు, ఎరువు వెయ్యరు. అయినా వేసవి దాటేదాకా రోజూ ఎంతోకొంత ఇస్తూనే ఉంటాయి. ఈ ఏడు కల్లుతో ఆగకుండా నీరా దింపుదాం, తాటిబెల్లం వండుదాం అనుకుంటున్న రైతులకూ గీత కార్మికులకూ ఈ నెల సలహాలు. ఏం కొనాలి, ఇంట్లో ఉన్నవాటిలో ఏవి పనికొస్తాయి అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

మోకు పనికొస్తుంది. గీత కత్తి పనికొస్తుంది. అన్నిటికన్నా విలువైనది, గెలను ఎంత నలపాలో, కొసను ఎంత పల్చగా చెక్కాలో తెలిసిన చెయ్యి. అది మీ దగ్గర ఉంది, ఏ దుకాణంలోనూ దొరకదు. లొట్టి, వడపోసే గుడ్డ, మోసుకెళ్లే క్యాను మాత్రం కొత్తవి కావాలి. పొదుపు కోసమని పాతవాటితోనే మొదలుపెడితే మొదటి వారంలోనే నీరా చేతులెత్తేస్తుంది.

కారణం ఇదీ. తాటి గెల నుంచి కారే రసం తియ్యగా, పులుపు లేకుండా ఉంటుంది. పులవకముందు దాన్నే నీరా అంటాం. అందులో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెరే. గాలిలో, గెల కొసన, లొట్టి గోడల్లో ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా ఆ చక్కెర మీద పడి దాన్ని సారాయంగానూ ఆమ్లంగానూ మార్చేస్తాయి. అదే కల్లు. మట్టి లొట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నిరుటి కల్లులోని ఈస్ట్ వాటిలో దాక్కుని ఉంటుంది. కడిగినా, ఎండబెట్టినా పూర్తిగా పోదు. కల్లు గీసేవాడికి అది మేలే, పాలల్లో తోడు వేసినట్టు పాత లొట్టే తోడు వేసి పెడుతుంది. నీరా దింపేవాడికి అదే శత్రువు. రాత్రి కట్టిన లొట్టి తెల్లారి దింపేసరికి నురగ కట్టి, ముక్కుకు కల్లు వాసన కొడుతుంది. ఆ పైన దాన్ని ఎంత వడకట్టినా, ఎంత మరగబెట్టినా మంచి బెల్లం రాదు. ఆమ్లం పెరిగాక చక్కెర విరిగిపోతుంది, పాకం గట్టిపడదు, అచ్చులో పోసింది జిగురుగానే ఉండిపోతుంది.

కొంతమంది కుర్రాళ్లు మరో సంగతి అడుగుతుంటారు. అమెరికాలో మనవాళ్లు ఇంట్లోనే బీరు కాచుకుంటున్నారు, ఆ సామానుతోనే వైనూ చేస్తున్నారు, మన మామిడిపండ్లతో ఇక్కడ చేయకూడదా అని. అక్కడి కేంద్ర చట్టం పెద్దలు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకానికి కాకుండా తమ వాడకానికి, చేసుకోనిస్తుంది. ఇక్కడ అలా కుదరదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయటం నేరం. బీరైనా, పండ్ల వైనైనా, అమ్మకుండా ఇంట్లో తాగటానికైనా నేరమే. కేసు మెడకు చుట్టుకునే పనికి నేను సలహా ఇవ్వను. అయితే సామాను విషయంలో వాళ్ల అనుభవం మనకు అక్కరకొస్తుంది. బీరు కొద్ది వారాల్లో తయారవుతుంది, గాలి లోపలికి రాని మూతా గొట్టమూ ఉన్న ప్లాస్టిక్ బకెట్ దానికి చాలు. వైన్ నెలల తరబడి నిలవుండాలి, అందుకని గాజు జాడీలో గానీ స్టీలు పాత్రలో గానీ మెడదాకా నింపి, గాలికి చోటు లేకుండా ఉంచుతారు. బీరు బకెట్‌కు లోపల పడ్డ గీతల్లో పాత వాసనా పాత సూక్ష్మజీవులూ ఇరుక్కుని ఉంటాయి కాబట్టి, తెలిసినవాళ్లు వైన్‌కు ఆ బకెట్ వాడరు, కొత్తది కొంటారు. పాత్రను మార్చటంలో మొహమాటం పనికిరాదన్నది కల్లు నుంచి నీరాకు మారే మనకూ వర్తిస్తుంది.

నీరా పులవకుండా ఆపటానికి రెండు దారులు. ఒకటి సున్నం, రెండోది చల్లదనం. ఏది ఎంచుకుంటారో దాన్ని బట్టే మీరు కొనాల్సిన సామాను మారిపోతుంది. అందుకని ముందు తేల్చుకోవాల్సింది నీరాగా తాగటానికి అమ్ముతారా, బెల్లం వండుతారా అన్నది.

మన మెట్ట ప్రాంతానికి మొదట బెల్లమే మేలని నా అభిప్రాయం. నీరాను చెట్టు నుంచి దించిన దగ్గర్నుంచి గ్లాసులో పోసేదాకా చల్లగా ఉంచాలి, నాలుగు డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో నందిగామ పేరు వినపడని ఏడాది ఉండదు. ఆ ఎండలో ఊళ్ల నుంచి విజయవాడకు చల్లగా చేర్చటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ మొదలైంది. దాని వెనక ప్రభుత్వం ఉంది, నగరం ఉంది, శీతల ఏర్పాట్లు ఉన్నాయి. అవి మనకు సమకూరేదాకా నీరాను రెండో మెట్టుగా చూడండి. బెల్లానికి ఆ తొందర లేదు. తేమ తగలకుండా ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. తమిళనాట తూత్తుకుడి వైపు ఉడన్‌గుడి తాటిబెల్లానికి ఎంత పేరుందో, ఏ దుకాణానికి వెళ్లినా చెబుతారు. ఆ బెల్లం పుట్టింది కూడా ఇలాంటి మెట్టలోనే, ఇలాంటి తాళ్లనుంచే.

బెల్లానికైతే సున్నం దారి. కొత్త మట్టి లొట్టి లోపల, తేర్చిన సున్నపు ముద్దను కుంచెతో పల్చగా పూసి కట్టాలి. సున్నం ఉన్నచోట ఈస్ట్ ఎదగలేదు. ఇక్కడ జాగ్రత్త. మన ప్రాంతం సున్నపురాయి నేల, సున్నం ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. గోడలకు వేసే సున్నంలో రంగులు, జిగుర్లు, ఉప్పు కలిపి ఉండవచ్చు, అది వద్దు. తాంబూలానికి వాడే శుభ్రమైన సున్నమే వాడండి. ఎంత పుయ్యాలన్నది చేతికి అలవాటయ్యేదాకా పీహెచ్ కాగితం కొని పెట్టుకోండి. లొట్టి దించగానే కాగితం ముంచి చూస్తే ఎనిమిది, ఆ పైన చూపిస్తే సున్నం తన పని చేసినట్టు. ఆరు వైపు దిగిందంటే పులుపు మొదలైంది, ఆ లొట్టిని మిగతావాటితో కలపకండి. ఒక్క పులిసిన లొట్టి పోస్తే ఆ పూట వంటంతా చెడుతుంది. అలాగని సున్నం దట్టించినా నష్టమే, బెల్లం నల్లబడి, నాలుకకు చేదు తగులుతుంది. దించిన రసాన్ని కాసేపు కదపకుండా ఉంచితే సున్నం అడుగున పేరుకుంటుంది, పైతేటను వంపుకుని వడకట్టండి. మిగిలిన సున్నాన్ని విరిచే పద్ధతి, దానికి ఏది ఎంత కలపాలన్నది నేర్పేవాళ్ల దగ్గర కళ్లారా చూసి చేయాల్సిందే. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. సీజనుకు ముందే ఒకసారి వెళ్లి రండి. దారి ఖర్చు మొదటి పాకంలోనే తిరిగొస్తుంది.

నీరా అమ్మదలచినవాళ్లకు చల్లదనం దారి. కొబ్బరి చెట్లకు కాసరగోడ్‌లోని తోట పంటల పరిశోధన సంస్థ ఒక ఐస్ పెట్టెను తయారుచేసింది. వెడల్పాటి గొట్టంలాంటి పెట్టె, చుట్టూ వేడి చొరని పొర, లోపల ఐసు, ఐసు మధ్యలో రసం పడే పాత్ర. తాడికీ ఇదే సూత్రం. అయితే మన చెట్టు ఎత్తు, మోకు మీద వేళ్లాడే మనిషి, గాలికి ఊగే గెల, ఇవన్నీ లెక్కలోకి తీసుకోండి. ఐసుతో కలిపి పెట్టె బరువెక్కుతుంది. పెద్ద పెట్టె ఒకటి కన్నా చిన్నవి రెండు నయం. ఐసు ఎప్పుడూ పాత్రకు బయటే ఉండాలి. చేపలకు కొట్టే ఐసు తాగే నీళ్లతో చేసింది కాదు, ఒక్క చుక్క లోపల పడ్డా ఆ నీరా మనిషికి పోయకూడదు.

ఏ దారి అయినా లొట్టి మూతి మూసి ఉండాలి. తాటి గెల మీదికి రాత్రిళ్లు గబ్బిలాలు వస్తాయి, కారే రసాన్ని నాకుతాయి. బంగ్లాదేశ్‌లో ఈత రసాన్ని పచ్చిగా తాగినవాళ్లకు నిఫా వైరస్ సోకటానికి కారణం అదేనని తేలింది. 2018లో కేరళలో నిఫా ఎంతమందిని బలిగొన్నదో మనం చూశాం. మరగబెట్టే బెల్లానికి ఆ భయం లేదు గానీ, పచ్చిగా తాగే నీరాకు వెదురు చాపతోనో సన్నటి వలతోనో గెలనూ లొట్టినీ కలిపి కప్పటం తప్పనిసరి. ఈ కప్పుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, అది మన ప్రాంతానికే ప్రత్యేకం. మన తాళ్లు మిరప చేలల గట్ల మీద ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరుల్లో తామర పురుగు కోసం పవర్ స్ప్రేయర్ పెట్టి కొట్టే మందు గాలికి ఎంత దూరం వెళ్తుందో కొట్టేవాళ్లకు తెలుసు. పక్క చేలో మందు కొట్టే రోజు లొట్టి దించేయండి. ఆ పూట రసాన్ని, మర్నాటి రసాన్ని కూడా పారబోయండి. చేనుగలాయనతో ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ సుఖం.

మందు మాట వచ్చింది కాబట్టి క్యాన్ల సంగతి. పత్తి, మిరప రైతు ఇంట్లో ఖాళీ డబ్బాలకు కరువుండదు. వసారాలో దొంతరగా పేర్చి ఉంటాయి. మూడుసార్లు కడిగాం, వేడినీళ్లు పోశాం, వాసన రావటంలేదు కదా అంటారు. పురుగుమందు ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది, కడిగితే పోదు. ఆ డబ్బాలు రసానికే కాదు, వంటింట్లో దేనికీ వద్దు. పాత సామాను దుకాణంలో చవకగా దొరికే రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము కూడా అంతే, దానిలో అంతకుముందు ఏమున్నదో అమ్మేవాడికీ తెలియదు. కొత్తగా కొనే క్యాను మీద ఆహార పదార్థాలకు తగినదని సూచించే గ్లాసు, ముల్లుచెంచా గుర్తు చూడండి. వెడల్పు మూతిది తీసుకోండి, చెయ్యి పెట్టి అడుగుదాకా తోమగలగాలి. డబ్బున్నంతలో పాలకు వాడే స్టీలు క్యాను అన్నిటికన్నా మేలు, అది ఏళ్లపాటు మన్నుతుంది, తేలిగ్గా గీతలు పడవు.

వడపోసే గుడ్డ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రోజూ ఉడకబెట్టి ఎండలో ఆరేయండి. పాత కల్లు గుడ్డ దగ్గరికి రానివ్వకండి. గీత కత్తిని కూడా చెట్టెక్కే ముందు వేడినీటితో కడగండి, కొసన పేరుకున్న జిగురును చెక్కి పారేశాకే కొత్త లొట్టి కట్టండి.

ఇక పొయ్యి మీది పాత్ర. ఇక్కడే చాలామంది అల్యూమినియం బానకు చెయ్యి చాస్తారు, తేలిగ్గా ఉంటుంది, పెళ్లిళ్ల వంటవాళ్ల దగ్గర దొరుకుతుంది. సున్నం కలిసిన రసం అల్యూమినియాన్ని తినేస్తుంది, పాత్రలోని లోహం బెల్లంలోకి దిగుతుంది. అందుకని స్టీలు బానే తీసుకోండి, లేకపోతే శుభ్రమైన ఇనుప బాన. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్నది చూడండి. లోతు పాత్రలో నీళ్లు ఆవిరి కావటానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో బెల్లం రంగు నల్లబడుతుంది. వంటకు తాటి మట్టలు, కమ్మలు చాలు, పత్తికట్టె కూడా కాల్చుకోవచ్చు. మిరపకట్టెలో తాలు కాయలు మిగిలి ఉంటే ఆ ఘాటు దగ్గర ఎవరూ నిలబడలేరు, ఏరి పెట్టండి. పొంగు వచ్చినప్పుడు చుక్క కొబ్బరినూనె వేస్తే దిగుతుంది. నీళ్లు ఇంకి పాకం చిక్కబడ్డాక మంట తగ్గించి, గరిటె ఆపకుండా తిప్పాలి. వేడి 118 నుంచి 120 డిగ్రీలకు చేరినప్పుడు దించాలి. పాకం కొలిచే ధర్మామీటరు ఒకటి కొనండి, ఖర్చు తక్కువ. అది లేనినాడు చల్లనీళ్లలో చుక్క వేసి చూడండి, వేలికి గట్టి ఉండ కడితే పాకం వచ్చినట్టు. నూరు లీటర్ల మంచి రసానికి పది, పన్నెండు కిలోల బెల్లం వస్తుంది. ఎనిమిది కూడా రాలేదంటే తప్పు పొయ్యి దగ్గర కాదు, లొట్టి దగ్గర వెతకండి.

అనుమతుల విషయం వాయిదా వేయొద్దు. చెట్టు గీయటానికే ఎక్సైజ్ శాఖ లైసెన్సు ఉండాలి, అది గీత సొసైటీ పేరున ఉన్నా గీత కార్మికుడి పేరున ఉన్నా. నీరా, బెల్లం కోసం గీస్తున్నామని మీ ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దగ్గర పెట్టుకోండి. అమ్మే బెల్లానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. చెట్టు రైతుది, గీత మరొకరిది అయిన చోట వచ్చే బెల్లంలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోవటం కూడా సామాను కొన్నంత ముఖ్యం.

ఈ సీజనుకు ఐదారు చెట్లు చాలు. గట్టు మీద వరసగా ఉన్నవి, మందు కొట్టే చేలకు దూరంగా ఉన్నవి, కాస్త పొట్టివి ఏరుకోండి. డబ్బు సరిపోకపోతే ముందు కొత్త లొట్లు, పీహెచ్ కాగితం, స్టీలు క్యాను కొనండి. బాన ఈ ఏడాదికి అద్దెకు తెచ్చుకున్నా ఫర్వాలేదు, స్టీలుదే కావాలి. మిగతా చెట్లకు ఎప్పటిలాగే కల్లు లొట్లు కట్టుకోండి. అయితే ముందు నీరా చెట్లు ఎక్కి దిగాకే కల్లు చెట్ల దగ్గరికి వెళ్లండి, తర్వాత వెనక్కి రావద్దు. రెండు రకాల లొట్లనూ ఒకే కావడిలో వెయ్యకండి, ఒకే తొట్టిలో కడగకండి. నీరా లొట్ల మెడకు రంగు దారం కట్టి ఉంచితే ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కూడా గుర్తుపడతారు.